మితాహార వ్రతం

(యారాడ గ్రామంలో కార్తీక మాస సందర్భంగా చేసిన ఉపన్యాసం)

మూడు వైపుల కొండలు, నాలుగవ వైపు సముద్రం. ఈ యారాడ గ్రామానికి భగవంతుడు కట్టిన ప్రాకారం ఇది. ఇటువంటి చోట, అందునా కార్తీక మాసంలో, శివకేశవుల మహిమను గురించి ఏదైనా చెబుతానని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. నేను మాత్రం ఇవాళ ఒక కాగితం పట్టుకుని వచ్చాను. ఇది ఏ స్తోత్రమూ కాదు. పట్నంలో ఒక వైద్యుడు నాకు వ్రాసియిచ్చిన ఆహార నియమ పత్రం. డైట్ చార్టు అని మన పిల్లలు అంటున్నారే, అదే ఇది. దేవాలయ ప్రాంగణంలో డైట్ చార్టు గురించి ఉపన్యాసమా అని కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి, తప్పులేదు. కాని చివరివరకు వినండి.

కార్తీక సోమవారం నాడు మనం ఏం చేస్తున్నామో ఒక్కసారి ఆలోచించండి. పగలంతా ఉపవాసం. సాయంకాలం దీపారాధన. నక్షత్ర దర్శనం అయిందో లేదో విస్తరి ముందు కూర్చుంటాం. పులిహోర, గారెలు, పరమాన్నం, పెరుగన్నం. పగలు మానిన దానికి రెట్టింపు రాత్రి ఒక్కపూటలో లోపలికి పంపి, ఆయాసంతో నడుము వాలుస్తాం. మర్నాడు ఉదయం, "నిన్న ఉపవాసం ఉన్నానండీ" అని నలుగురికీ చెప్పుకుంటాం. ఆదివారం వస్తే సముద్రతీరంలో వనభోజనాలు. ఉసిరి చెట్టు క్రింద దామోదరుని పూజించి భుజించడం సంప్రదాయం. కాని నేడు పూజకు పావుగంట, భోజనానికి మూడు గంటలు పడుతున్నది. ఉపవాసం అంటే సమీపంలో వసించడం అని అర్థం చెబుతారు పెద్దలు. దేనికి సమీపంలో? భగవంతునికి. మన మనస్సు మాత్రం పగలంతా వంటింటికి సమీపంలో వసిస్తున్నది.

ఇతరులను అనడం ఎందుకు? నా సంగతే చెబుతాను. ముప్పై ఏళ్ళుగా ఊరూరా తిరిగి ఉపన్యాసాలు చెబుతున్నవాణ్ణి. ఏ ఊరు వెళ్ళినా గృహస్థులు ప్రేమతో విందు పెడతారు. వద్దంటే బాధపడతారని తినేవాణ్ణి. నిజం చెప్పాలంటే, వాళ్ళు బాధపడతారని కాదు, నాకు ఇష్టమై తినేవాణ్ణి. నాలుకకు రెండు పనులు, పలకడం, రుచి చూడటం. మొదటిదాన్ని అదుపులో పెట్టడం కొంత నేర్చుకున్నాను. రెండవదాన్ని పూర్తిగా వదిలిపెట్టాను. అయిదడుగుల అయిదంగుళాల మనిషిని, ఎనభై ఎనిమిది కిలోలు తూగాను. రక్తపోటు వచ్చింది, చక్కెర వ్యాధి వచ్చింది. మాత్రలు మ్రింగుతూ విందులు కొనసాగించాను.

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహగిరి చుట్టూ గిరిప్రదక్షిణ జరుగుతుందని మీ అందరికీ తెలుసు. సుమారు ముప్పై రెండు కిలోమీటర్లు. ప్రతి ఏటా వెళ్ళేవాణ్ణి. రెండేళ్ళ క్రితం నా పన్నెండేళ్ళ మనుమణ్ణి వెంటబెట్టుకుని తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరాను. ముడసర్లోవ దాటి హనుమంతవాక చేరేసరికి మోకాళ్ళు నిలవలేదు. ఊపిరి అందలేదు. దారి ప్రక్కన ఒక అరుగుమీద కూలబడ్డాను. మనుమడు నా భుజంమీద చెయ్యి వేసి, "తాతయ్యా, నువ్వు ఇక్కడే కూర్చో. నేను నాన్నతో వెళ్ళి నీ వంతు కూడా నడిచి వస్తాను" అన్నాడు. వాడు ప్రేమతోనే అన్నాడు. కాని ఒకరి ఆకలి ఇంకొకరు తినలేనట్టే, ఒకరి ప్రదక్షిణ ఇంకొకరు చేయలేరు గదా! ఆ రాత్రి ఆ అరుగుమీద కూర్చుని వేలాదిమంది భక్తులు నా ముందునుండి నడిచిపోవడం చూశాను. స్వామి నన్ను పిలవకపోవడం కాదు, పిలిచినా వెళ్ళలేని దేహాన్ని నేనే తయారు చేసుకున్నానని అప్పుడు తెలిసింది.

ఆ తరువాతనే ఈ కాగితం నా చేతికి వచ్చింది.

ఈ కాగితంలో ఉన్నదానికి శాస్త్రంలో ఆధారం ఉన్నదా అని మీరు అడగవచ్చు. పుష్కలంగా ఉన్నది. భగవద్గీత ఆరవ అధ్యాయంలో, ధ్యానయోగం బోధిస్తూ, అధికంగా తినేవానికి యోగం సిద్ధించదని స్వామి సెలవిచ్చారు. అంతటితో ఆగలేదు. అసలే తిననివానికి కూడా సిద్ధించదన్నారు. ఆహారం, విహారం, నిద్ర, మెలకువ, అన్నీ తగినంతగా ఉన్నవానికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని చెప్పారు. పదిహేడవ అధ్యాయంలో సాత్త్విక, రాజస, తామస ఆహారాలను విడదీసి చూపించారు. ఆ అధ్యాయంలోనే, శాస్త్రం విధించని ఘోరమైన తపస్సులతో దేహాన్ని పీడించేవారు లోపలనున్న తనను కూడా పీడిస్తున్నారని హెచ్చరించారు. బరువు తగ్గాలని తొందరపడి పది రోజులు నీళ్ళు త్రాగి పడుకునేవారు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడు శ్వేతకేతువుకు చేసిన బోధ ఉన్నది. పదిహేను రోజులు అన్నం మాని నీళ్ళు మాత్రం త్రాగమన్నాడు తండ్రి. పదహారవ రోజున వేదం చెప్పమంటే కొడుకుకు ఒక్క మంత్రమూ స్ఫురించలేదు. అన్నం తిని వచ్చిన తరువాత అన్నీ జ్ఞాపకం వచ్చాయి. మనస్సు అన్నమయమని ఆ విధంగా నిరూపించాడు. కనుక అన్నం శత్రువు కాదు. తైత్తిరీయోపనిషత్తు అన్నాన్ని బ్రహ్మమనే చెప్పింది, నిందించరాదని వ్రతంగా విధించింది. ఆహార నియమం మొదలుపెట్టినవారు చాలామంది మొదట చేసే పొరపాటు ఇదే. అన్నాన్ని విషమంటారు, నేతిని పాపమంటారు, ఎదుటివాని విస్తరిని చూసి ముఖం చిట్లిస్తారు. అన్నంలో దోషం లేదు. కొలత తప్పిన మనలో ఉన్నది దోషం.

మితం అనే మాటను గమనించండి. కొలవడం అనే అర్థమున్న ధాతువు నుండి పుట్టిన మాట అది. మితాహారం అంటే తక్కువ ఆహారం అని మనం అనుకుంటాం. కాదు, కొలిచిన ఆహారం. మాత్ర అనే మాట కూడా ఆ ధాతువుదే. చరకసంహిత సూత్రస్థానంలో అయిదవ అధ్యాయం పేరే మాత్రాశితీయం, అనగా కొలతప్రకారం భుజించడాన్ని గురించినది. అతిస్థూలత వలన కలిగే ఎనిమిది దోషాలను అదే స్థానంలో మరొక అధ్యాయం వివరిస్తుంది. ఉదరంలో రెండు భాగాలు అన్నానికి, ఒక భాగం ద్రవానికి ఇచ్చి, నాలుగవ భాగం వాయువు సంచారానికి ఖాళీగా ఉంచాలని అష్టాంగహృదయం చెప్పింది. మన పూర్వుల ఇండ్లలో గిద్ద, సోల, తవ్వ, మానిక ఉండేవి. అమ్మమ్మ ఇంట్లో మనుషులను లెక్కపెట్టి సోలతో బియ్యం పోసేది. ఆ సోలయే ఆమె డైట్ చార్టు. నేడు సోల అటకెక్కింది, కుక్కరు నిండినంతే లెక్క అయింది.

భోజనవిధిలో కూడా ఒక రహస్యం ఉన్నది. విస్తరి చుట్టూ నీరు త్రిప్పి పరిషేచనం చేసి, ఔపోశనం పట్టి, పంచప్రాణాలకు అయిదు చిన్న ఆహుతులు సమర్పించి భోజనం ప్రారంభించేవారు. చివర ఉత్తరాపోశనం పట్టేవారు. అది పట్టిన తరువాత మెతుకు ముట్టకూడదు. అంటే భోజనానికి ఒక ఆరంభం, ఒక అంతం ఉండేవి. ఇప్పుడు ఉదయం కాఫీతో మొదలై, టిఫిను, పదకొండు గంటలకు బిస్కట్లు, మధ్యాహ్న భోజనం, నాలుగింటికి బజ్జీలు, రాత్రి భోజనం, టీవీ ముందు మిక్చరు. దీనికి ఆరంభమూ లేదు, అంతమూ లేదు. అనాదిగా, అనంతంగా ఉండవలసినది పరబ్రహ్మం గాని మన తిండి కాదు గదా!

మన ప్రాంతం సంగతి చూద్దాం. ఒకనాడు ఇక్కడివారు తీరంమీద నిలబడి పెద్ద వలలు లాగేవారు. కొండవాలులో చేలు, తోటలు చూసుకునేవారు. చోడి అంబలి, గంటెల సంకటి, గంజి అన్నం వారి ఆహారం. తిన్నది చెమటగా కరిగేది. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమైంది. ఉద్యోగాలు వచ్చాయి, అన్నం దొరికింది, పిల్లలు చదువుకున్నారు. ఇది దైవానుగ్రహమే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చినప్పుడు ఎన్ని పేద ఇండ్లలో పొయ్యి వెలిగిందో పెద్దలకు తెలుసు. తెల్ల అన్నం ఒకనాడు పండుగనాటి వస్తువు. అది మూడుపూటలా వచ్చేసరికి చోళ్ళు, గంటెలు ప్రక్కకు పోయాయి. తిండి పెరిగింది, పని తగ్గింది. షిఫ్టు డ్యూటీల వలన రాత్రి పగలైంది, పగలు రాత్రి అయింది. దేహం మాత్రం ఆకలిని ఎరిగిన తాతముత్తాతల దేహమే. దొరికిన ప్రతి మెతుకునూ రేపటికని దాచుకుంటుంది. ఆ దాచుకున్నదే నడుము చుట్టూ కొవ్వు.

వైద్యులు చెప్పే మరొక మాట వినండి. మన భారతీయులకు చూడటానికి సన్నగా ఉన్నా పొట్టలో కొవ్వు చేరే స్వభావం ఎక్కువ. అందుచేత నడుము కొలత పురుషులకు తొంభై సెంటీమీటర్లు, స్త్రీలకు ఎనభై సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటున్నారు. దర్జీ దగ్గరి టేపుతో ఎవరికి వారు చూసుకోవచ్చు. తమ బరువులో నూటికి అయిదు నుండి పది వంతులు తగ్గినా రక్తపోటు, చక్కెర గణనీయంగా అదుపులోకి వస్తాయని చెబుతున్నారు. నా విషయంలో అది నాలుగున్నర కిలోల నుండి తొమ్మిది కిలోలు. సన్యాసం తీసుకోవలసినంత పని కాదు.

మన తెలుగునాట ఆహార నియమాలు చెప్పినవారికి కొదవ లేదు. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు, నూనె మానమని చెప్పారు. ఖాదర్ వలీగారు సిరిధాన్యాలు తినమన్నారు. వీరమాచనేని రామకృష్ణగారు అన్నం మాని కొబ్బరినూనె, నిమ్మరసం, మంచినీళ్ళతో గడపమంటే 2018 ప్రాంతంలో ఊరూరా ఆ చర్చే నడిచింది. నేను ఎవరినీ విమర్శించడం లేదు. మన తత్త్వాన్ని గురించి చెబుతున్నాను. ఇరవై రోజులు ఒకటి, విసుగు పుట్టగానే ఇంకొకటి. బావి త్రవ్వేవాడు నాలుగు మూరలకొక చోటు మార్చుకుంటూ పోతే నీరు పడుతుందా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలు చాలా సాదాగా ఉన్నాయి. పళ్ళెంలో సగం కూరలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మిగతా సగంలో ధాన్యం, పప్పు, పాలు, గింజలు ఉండాలి. ఉప్పు రోజుకు అయిదు గ్రాములు మించరాదు. ఇందులో మన అమ్మమ్మకు తెలియనిది ఏమున్నది?

సరే, కాగితం ఇంటికి తెచ్చాను. ఉదయం చక్కెర లేని కాఫీ. ఒక గంట నడక. రెండు ఇడ్లీలు లేదా ఉప్మా లేని ఒక పెసరట్టు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, పప్పు, రెండు కప్పుల కూర, మజ్జిగ. సాయంకాలం గుప్పెడు శనగల గుగ్గిళ్ళు. రాత్రి ఏడున్నరలోపల చోడి జావ లేదా రెండు పుల్కాలు, కూర. అంతే. ఈ కాగితం చదివి మా ఇంటి ఇల్లాలు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఏమండీ, నలభై ఏళ్ళు వండిపెట్టాను. నా చేతివంట మీకు రోగమై కూర్చుందా?" అన్నది. కళ్ళు తుడుచుకుంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తల్లులారా, ఈ నియమాలలో అన్నిటికంటె కష్టమైనది ఆకలి కాదు. ప్రేమను వద్దన్నట్టు కాకుండా రెండవ గరిటెను వద్దనడం ఎలాగో తెలియకపోవడమే కష్టం. మన ఇండ్లలో ప్రేమ గరిటెలో నుండి ప్రవహిస్తుంది. "ఇంకొంచెం" అనే మాటే ఆమె ఆశీర్వాదం.

ఆ రాత్రి నాకు కుచేలోపాఖ్యానం గుర్తుకు వచ్చింది. వందలసార్లు సభల్లో చెప్పిన కథ. కుచేలుడు కొంగున కట్టి తెచ్చిన అటుకులను శ్రీకృష్ణుడు పిడికెడు తీసుకుని ఆరగించాడు. రెండవ పిడికెడు తీసుకోబోగా రుక్మిణీదేవి చెయ్యి పట్టుకుని వారించింది. ఒక్క పిడికెడు చాలు, భక్తునికి ఇహపరాలు రెండూ సిద్ధించాయి అన్నది ఆ తల్లి భావం. ఇన్నేళ్ళూ ఈ కథలో కుచేలుని భక్తినీ, స్వామి వాత్సల్యాన్నీ చెప్పాను గాని, రుక్మిణి చెయ్యి పట్టుకున్న ఘట్టాన్ని నా విస్తరికి అన్వయించుకోలేదు. మర్నాడు ఉదయం ఆమెతో అన్నాను, "నీ వంట రోగం కాదు. నా రెండవ పిడికెడే రోగం. వడ్డించే చెయ్యి నీదే, ఆపే చెయ్యి కూడా నీదే కావాలి" అని. ఆమె కాసేపు చూసి, "అయితే చెయ్యి పట్టుకున్నప్పుడు కోపగించుకోకూడదు" అన్నది. ఆ పూటనుండి అటకమీది సోల దిగింది. వడ్డన ఆమె కొలతలోనే సాగింది. నియమం ఒంటరివాని పోరాటం కాకుండా ఇంటివ్రతం అయింది.

మొదటి వారం ఎలా గడిచిందో దాచకుండా చెబుతాను. మూడవ రోజు తలనొప్పి. నాలుగవ రోజు అకారణమైన కోపం. రాత్రి పదింటికి పాదాలు వాటంతటవే వంటింటివైపు నడిచేవి. ప్రక్కింట్లో గారెలు వేగుతుంటే జపమాల చేతిలోనే ఆగిపోయేది. గీత పద్దెనిమిదవ అధ్యాయంలో స్వామి చెప్పిన మాట ఆ వారంలో నాకు అనుభవానికి వచ్చింది. సాత్త్విక సుఖం మొదట విషంలా తోచి చివర అమృతమవుతుంది. రాజస సుఖం మొదట అమృతంలా తోచి చివర విషమవుతుంది. గారె ఏ కోవలోనిదో, చోడి జావ ఏ కోవలోనిదో నేను చెప్పనక్కరలేదు.

వారం ముగిసేసరికి రెండు కిలోలు తగ్గాను. పొంగిపోయాను. వైద్యుడు మాత్రం, "పొంగకండి, అందులో ఎక్కువ భాగం నీరే. ఇకమీదట వారానికి అరకిలో తగ్గితే అదే గొప్ప" అన్నాడు. ఆ పొంగులోనే పెద్ద తప్పు చేశాను. ఏకాదశి వచ్చింది. ఎవరినీ అడగకుండా, చక్కెర మాత్ర యథాప్రకారం మ్రింగి, నిర్జలంగా ఉపవాసం పట్టాను. నడక కూడా మానలేదు. ఎండవేళ దారిలో చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, కళ్ళు చీకట్లు క్రమ్మాయి. కూలబడ్డాను. చేపల గంప దించుకుని కూర్చున్న ఒక తల్లి పరుగున వచ్చి, "ఏటైనాది పంతులూ? పొద్దున్నించి ఏటీ తిన్నేదా?" అని, టీకొట్టు నుండి పంచదార తెచ్చి, "ముందు నోట్లో ఏసుకో, దేవుడికి తరవాత సెప్పుకుందువుగాని" అన్నది.

ఆమె మాటలో ఏ ఉపనిషత్తు తక్కువైంది చెప్పండి! ఆ ఉపవాసం దేవునికోసం చేసినది కాదు. బరువు యంత్రం మీద ఇంకొక అంకె తగ్గాలని చేసినది. దానికి ఏకాదశి అని పేరు పెట్టాను. కొన్ని రకాల చక్కెర మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు భోజనం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అటువంటివారు వైద్యుణ్ణి అడగకుండా ఉపవాసం చేయరాదు, తామంతట తాము మాత్రలు మానరాదు. గర్భిణులకు, బాలింతలకు, వృద్ధులకు, రోగులకు ధర్మశాస్త్రమే సడలింపులు ఇచ్చింది. ఆ సడలింపును వాడుకోవడం భక్తిలోపం కాదు, శాస్త్రాన్ని పాటించడమే. భీమసేనుని కథ తెలుసు గదా! ఆకలికి ఓర్వలేనని, ఏడాది పొడవునా ఏకాదశులు ఉండలేనని వ్యాసభగవానునితో నిజాయితీగా మొరపెట్టుకున్నాడు. ఆయన భీముణ్ణి ఎగతాళి చేయలేదు. జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి ఒక్కటి చాలునని అతని బలానికి తగిన త్రోవ చూపాడు. భీముడు అడిగాడు, నేను అడగలేదు. తేడా అక్కడున్నది.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. ప్రసాదం సంగతేమిటి? చక్కెరపొంగలి వద్దంటే అపచారం కాదా? వనవాసంలో ద్రౌపది అక్షయపాత్రకు అంటిన ఒక్క ఆకుకూర ముక్కతో శ్రీకృష్ణుడు తృప్తిపడ్డాడు. దానితో దుర్వాసునికీ ఆయన శిష్యులకూ కడుపు నిండింది. ప్రసాదానికి మహిమ పరిమాణంలో లేదు. కళ్ళకద్దుకుని ఒక్క మెతుకు స్వీకరిస్తే పూర్ణఫలం. మిగిలినది ప్రక్కవానికి పంచితే రెట్టింపు ఫలం. దొన్నె నిండా రెండుసార్లు తెచ్చుకుని తినేది ప్రసాదం కాదు, ఫలహారం. ఆ మాట మనస్సుకు తెలుసు.

రెండవ సందేహం. "ఇది నా ప్రారబ్ధం, మా వంశంలో అందరూ ఇంతే" అంటారు. కొంత నిజం ఉండవచ్చు. వంశం వలన, థైరాయిడ్ వంటి లోపాల వలన, కొన్ని మందుల వలన బరువు పెరిగేవారు ఉన్నారు. అందుచేత లావుగా ఉన్నవారిని చూసి నవ్వడం మహాపాపం. వారు ఎంత ప్రయత్నం చేస్తున్నారో మనకు తెలియదు. లంబోదరునికి తొలిపూజ చేసే జాతి మనది. ప్రారబ్ధం గాలి వంటిది, ప్రయత్నం తెరచాప వంటిది. గాలి మన చేతిలో లేదు, తెరచాప ఉన్నది. సముద్రం ఒడ్డున ఉన్నవారికి ఇంతకంటె వివరించనక్కరలేదు.

నా అనుభవం నుండి అయిదు నియమాలు విన్నవిస్తాను.

ఒకటి, సంకల్పం. ఏ వ్రతమైనా సంకల్పంతో మొదలవుతుంది. మొదట వైద్యుణ్ణి చూడండి, రక్తపరీక్ష చేయించుకోండి, తరువాత దేవుని ముందు దీపం పెట్టి ఎందుకు తగ్గదలిచారో చెప్పుకోండి. అందం కోసమైతే మూడు వారాలు నిలుస్తుంది. ఎవరి సేవకోసమో అయితే నిలబడుతుంది.

రెండు, కొలత. బియ్యం, నూనె, చక్కెర ఇంటికి ఎంత వస్తున్నదో నెల మొదట వ్రాసి పెట్టండి. నెలకు ఎన్ని లీటర్ల నూనె కొంటున్నామో చూసి మేమే ఆశ్చర్యపోయాం.

మూడు, కాలం. సూర్యుడు అస్తమించిన తరువాత ఎంత త్వరగా భోజనం ముగిస్తే అంత మంచిది. షిఫ్టులలో పనిచేసేవారికి ఇది సాధ్యం కాదు. వారు ఇంటినుండి డబ్బా తీసుకువెళ్ళి, ఏ షిఫ్టులోనైనా ఆ డబ్బాతోనే ముగించాలి.

నాలుగు, నడక. ఇంతటి తీరం భగవంతుడు ఇచ్చాడు. ఉదయం నామస్మరణ చేస్తూ నడవండి. ఆహారం తగ్గించి కదలకుండా కూర్చుంటే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. అందుకే పప్పులు, మజ్జిగ మానకూడదు.

అయిదు, తల్లులకు ప్రత్యేకంగా ఒక మాట. మిగిలిన అన్నం పారబోయలేక, పిల్లల కంచంలో వదిలినది వృథా చేయలేక మీరు తింటున్నారు. అన్నం మీది గౌరవం కొద్దీ తింటున్నారు, నాకు తెలుసు. కాని మీ దేహం గంజికుండ కాదు. కొలిచి వండండి. మిగిలితే ఆకలిగొన్నవారికో, పశుపక్ష్యాదులకో పెట్టండి. అది భూతయజ్ఞం అవుతుంది.

నియమం తప్పిన రోజులు వస్తాయి. నాకూ వచ్చాయి. సంక్రాంతికి మూడు రోజులు అరిసెలు తిన్నాను. ఒకటిన్నర కిలో మళ్ళీ పెరిగాను. నాలుగు నెలలు దాటాక ఎంత పాటించినా బరువు ముల్లు కదలని కాలం ఒకటి వచ్చింది. బరువు తగ్గేకొద్దీ దేహానికి కావలసిన ఆహారం కూడా తగ్గుతుందని, అందుకే ముల్లు ఆగుతుందని వైద్యుడు చెప్పాడు. అప్పుడు సింహాచలం చందనోత్సవాన్ని తలచుకున్నాను. అక్షయతృతీయ నాడు వెండి బొరిగెలతో మెల్లగా చందనం తొలగించి స్వామివారి నిజరూపాన్ని భక్తులకు చూపుతారు. తిరిగి చందనం సమర్పించేది ఒక్కనాడు కాదు. అక్షయతృతీయ, వైశాఖ పూర్ణిమ, జ్యేష్ఠ పూర్ణిమ, ఆషాఢ పూర్ణిమ, నాలుగు విడతలు. విడతకు మూడు మణుగులు. సాక్షాత్తు స్వామి సేవకే విడతలు, తూకాలు, తిథులు ఉన్నప్పుడు, ముప్పై ఏళ్ళుగా నేను చేర్చుకున్న బరువు ముప్పై రోజులలో పోవాలనడం ఏమి న్యాయం? తప్పిన పూటను తలచుకుని ఏడవకుండా, మరుసటి పూటనుండి మళ్ళీ నియమంలోకి వచ్చాను. ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలు తగ్గాను. మాత్రలు పూర్తిగా పోలేదు, ఒకటి తగ్గింది. అంతే. అద్భుతమేమీ జరగలేదు.

కాని గడచిన ఆషాఢంలో మళ్ళీ తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టాను. మనుమడు ప్రక్కనే ఉన్నాడు. హనుమంతవాకలో ఆ అరుగు కనబడింది. వాడు నా ముఖంలోకి చూశాడు. నేను ఆ అరుగుకు నమస్కరించి ముందుకు నడిచాను. అందరికంటె వెనుకగా, తెల్లవారుతుండగా ప్రదక్షిణ పూర్తిచేశాం. వాడు నా వంతు నడవలేదు. నా చెయ్యి పట్టుకుని తన వంతే నడిచాడు.

భగవద్బంధువులారా! ఈ దేహం మనది కాదు. కొంతకాలం వాడుకోమని స్వామి ఇచ్చిన వాహనం. దీన్ని ఎండబెట్టమనీ ఆయన చెప్పలేదు, మోయలేనంత నింపమనీ చెప్పలేదు. రేపటి సోమవారం నక్షత్ర దర్శనం తరువాత విస్తరి ముందు కూర్చున్నప్పుడు, మొదటి పిడికెడు స్వామికి తలచుకుని తినండి. రెండవ పిడికెడు వద్ద రుక్మిణీదేవి చెయ్యి గుర్తుకు తెచ్చుకోండి.

శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి మనకందరికీ మితాహారాన్ని, ఆరోగ్యాన్ని, ఆయన కొండ చుట్టూ నడిచే శక్తినీ ప్రసాదించుగాక!

స్వస్తి.